దాచుకోవాల్సిన జబ్బు కాదమ్మా

తల్లీ,

నీకు హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందని మీ అమ్మ ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. మీ అత్తగారికి తెలియనివ్వద్దని కూడా అంది. ఆ మాట నువ్వు వినకు. నువ్వు దాస్తే రేపు కాన్పు గదిలో ఉండే సిస్టరుకీ తెలియదు. తెలియకపోతే బిడ్డకి వేళకి అందాల్సింది అందదు.

ముందు బిడ్డ సంగతి చూద్దాం. ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకి చేరేది ఎక్కువగా కాన్పు సమయంలోనే. అందుకే ఆసుపత్రిలోనే కనాలి. పుట్టిన 24 గంటల్లోపు ఒక తొడకి హెపటైటిస్ బి టీకా, రెండో తొడకి ఇమ్యునోగ్లోబులిన్ సూది పడాలి. ఆదివారమైనా, పండగైనా, అర్ధరాత్రి పుట్టినా సరే, ఎంత త్వరగా పడితే అంత మేలు. ఆ తర్వాత ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకి వేసే పెంటావాలెంట్‌లో ఈ టీకా కలిసే ఉంటుంది. ఒక్కటీ తప్పించకు. పెద్దవాళ్ళకి అంటితే చాలామందికి దానంతట అదే పోతుంది. పసికందుకి అంటితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. లివరు గట్టిపడటం, క్యాన్సరు లాంటివి నలభై యాభై ఏళ్ళు వచ్చాక బయటపడతాయి. బిడ్డకి పాలు ఇవ్వచ్చా అని అడిగావట. నిక్షేపంగా ఇవ్వు.

ఇక నీ సంగతి. వైరల్ లోడ్ పరీక్ష చేయించుకో. వైరస్ ఎక్కువగా ఉంటే ఏడో నెల నుంచి టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. ఖర్చు గురించి బెంగపడకు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండు రకాలకీ పరీక్షలు, మందులు ఉచితం. సి రకమైతే చాలామందికి మూడు నెలల మాత్రలతో పూర్తిగా నయమైపోతుంది. బి రకం అలా పోదు, అదుపులో పెట్టుకోవాలి. సిద్ధార్థ వైద్య కళాశాల మీ విజయవాడ గుణదలలోనే ఉంది కదా, దాని పెద్దాసుపత్రికి వెళ్ళి ఈ కార్యక్రమం పేరు చెప్పి అడుగు. కాన్పయ్యాక కూడా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి.

మీ అమ్మ పసరు మందు మాటెత్తింది. వద్దు. ముక్కులో పసర్లు పోయించుకుని, చేతికి వాతలు పెట్టించుకుని, ఉప్పూ నూనే లేని పత్యంతో నీరసించి చివరికి ఆసుపత్రికి చేరిన వాళ్ళని నేను ఏఎన్ఎంగా చేసిన రోజుల్లో చూశాను. నేల ఉసిరినైతే శాస్త్రవేత్తలే పరీక్షించారు. మద్రాసులో చేసిన ఆ అధ్యయనం 1988లో లాన్సెట్‌లో అచ్చయింది. అందులో పాలుపంచుకున్నవారిలో ఈ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఉన్నాడు. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే అందులో కనిపించిన మేలు నిలబడలేదు. కడుపుతో ఉన్నదానివి, పేరు తెలియని ఆకు పసరు నోట్లో వేసుకోకు. నీళ్ళు కూడా కాచి తాగు. ఇ రకం కామెర్లు మురికి నీళ్ళతోనే వస్తాయి, నెలలు నిండుతున్నప్పుడు వస్తే ప్రాణం మీదికి తెస్తాయి. 2024లో బుడమేరు పొంగినప్పుడు మీ చుట్టుపక్కల నీళ్ళు ఎలా తయారయ్యాయో చూశావుగా.

ఎక్కడ అంటిందో అని మీ ఇద్దరూ ఒకర్నొకరు అనుమానించుకోకండి. సరిగా ఉడకబెట్టని సూదైనా, మంగలి కత్తయినా, ఎక్కించుకున్న రక్తమైనా కావచ్చు. పుట్టినప్పుడే అంటిందేమో కూడా. నేను టీకా డబ్బా భుజాన వేసుకుని దివిసీమ ఊళ్ళు తిరిగినప్పుడు ఈ టీకా అందులో ఉండేది కాదు. బయట కొనాలంటే వందలు పెట్టాల్సి వచ్చేది. 1997లో మన హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారుచేసింది కాబట్టి ధర దిగింది. అయినా దేశమంతటా పిల్లల టీకాల్లో చేరేసరికి 2011 వచ్చింది. నువ్వు పుట్టినప్పుడు నీకు ఎవరు వేస్తారు?

ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద నిద్రపోయినా, ముద్దు పెట్టుకున్నా ఇది అంటదు. మీ అత్తగారికి ఈ ముక్క ముందే చెప్పు, లేకపోతే నీకు వేరే గ్లాసు పెడతారు. ఇంట్లో వస్తువుల్లో రక్తం తగిలేవాటితోనే జాగ్రత్త: బ్లేడు, బ్రష్షు, గోళ్ళ కత్తెర. ఒళ్ళు దాటి వచ్చాక కూడా ఈ వైరస్ వారం రోజులు బతుకుతుంది. బిడ్డ పుట్టువెంట్రుకలు గుణదల మేరీమాత కొండ మీద తీయిస్తామని మొక్కుకున్నారట, సంతోషం. ఫిబ్రవరి తిరునాళ్ళలో జనం ఎంత తోసుకుంటున్నా సరే, నీ కళ్ళ ముందు కొత్త బ్లేడు విప్పాకే బిడ్డని కూర్చోబెట్టు.

అల్లుడికి పరీక్ష చేయించి, లేదని వస్తే మూడు డోసుల టీకా వేయించు. మీ అమ్మ కూడా చేయించుకోవాలి. నీకు పుట్టుకతో వచ్చి ఉంటే తన ఒంట్లోనూ ఉన్నట్టే, ఇన్నేళ్ళుగా తనకీ తెలియదు. నేను చెప్పానని చెప్పు, వినకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను. ఈ సోమవారం ముగ్గురూ కలిసి ఆసుపత్రికి వెళ్ళండి.

మీ పెద్దమ్మ