చూపునకును ధర్మము గలదా?

తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల యెత్తున నున్నది. ఆశ్వయుజ కార్తికములలో తూర్పుగాలి తెచ్చిన తేమ చఱియల వెంబడి పైకెక్కి, చల్లబడి, మేఘమై నేలను తాకును. మనము మంచు అనుచున్నది నిజమునకు మేఘమే. అట్టి ప్రాతఃకాలమున పాపవినాశనము జలాశయము గట్టున నిలిచినవారికి నీరు కనబడదు. మొదట లకుముకిపిట్ట కూత వినవచ్చును. పిమ్మట ఱెక్కల చప్పుడు. చాలసేపటికి గాని బండపై ఱెక్కలారవేసికొను నీటికాకి రూపు కట్టదు. నీట మునిగిన బుడుబుంగ మనమెదురుచూచిన చోట గాక వేఱొకచోట తేలును.

పక్షులను చూడవచ్చినవానికి ఇక్కడనే శోధన. ఒక ఱాయి విసరినచో అన్నియు లేచును, కనబడును. "చంపలేదు గదా, చూచితిమి, అంతేగదా" యని సమాధానము చెప్పుకొనువారు గలరు. చలిరాత్రి యంతయు ఆహారము లేక, ఒంటివేడిని కాపాడుకొనుచు గడపిన ప్రాణిని నిష్కారణముగ ఎగిరించుట దాని కూటిని దోచుటయే. ఇంకొక పద్ధతి నేడు వాడుకలోనికి వచ్చినది. చేతి ఫోనునుండి పక్షికూతను వినిపించి, దానిని పొదనుండి వెలికి రప్పింతురు. తన నెలవునకు పరపక్షి వచ్చినదని భ్రమించి అది గూడు విడిచి పోరునకు వచ్చును. పసుపుగొంతు పిగిలిపిట్ట దక్షిణభారతపు ఱాతికొండలలో తప్ప లోకమున మఱెక్కడను లేదు. ఈ శేషాచలమున గలదు. అట్టి దానితో అసత్యమాడి దర్శనము పొందుట యేమి దర్శనము? పక్షితో పలికినను అసత్యము అసత్యమే.

తమసాతీరమున వాల్మీకిమహర్షి క్రౌంచమిథునమును చూచెను. ఆ మిథునమునే నిషాదుడును చూచెను. ఏకాగ్రతలో వేటకానిది తక్కువ యనజాలము, బహుశః ఎక్కువే. కావున ఏకాగ్రత యొక్కటియే చూపునకు పవిత్రత నీయదు. అది దేనిని కోరుచున్నదో విచారింపవలెను. ముండకోపనిషత్తున ఒకే చెట్టుపై రెండు పక్షులు చెప్పబడినవి. ఒకటి పండు తినును, రెండవది తినక చూచుచుండును. రెండవది పరమాత్మ యని మన పెద్దలు వ్యాఖ్యానించిరి. (మా పాఠశాలలో ఈ మంత్రముపై మూడు దినములు వాదము సాగెను, కిటికీ వెలుపలి పిచ్చుకల వంక చూచినవాఁడొక్కడును లేడు.)

అట్లయిన భక్తుడు దర్శనమును కోరుటయు దోషమేనా యని యడుగవచ్చును. కాదు. నమ్మాళ్వారు కొంగలను దూతలుగ వేడుకొనెను. ఆయన విరహమున శాంతి లేదు. కాని విరహి వేడుకొనును, బలవంతపెట్టడు. కులశేఖరాళ్వారు ఇంకను ముందునకు పోయి, వేంకటాద్రి కోనేట నివసించు కొంగగా పుట్టుటకే ఆశపడెను. రాజ్యమేలినవాడు కోరిన కోరిక యిది!

శరదృతువున హంసలు వచ్చునని కవులు వర్ణింతురు. నేటికిని తలపై నల్లచారలుగల బాతులు టిబెట్టు సరస్సులనుండి హిమాలయమును దాటి చలికాలమునకు దక్షిణపు చెఱువులను చేరుచున్నవి. వేదాంతదేశికులు తమ హంససందేశమున శ్రీరాముని చేత ఒక హంసను సీతాదేవికడకు పంపించిరి. సర్వలోకశరణ్యుడు అక్కడ ఆజ్ఞాపింపలేదు. చెలికానిని వలె ఆదరముతో బ్రతిమాలెను, లంకకు పోవు దారిలో ఈ వేంకటాచలమును గూడ చెప్పెను.