బోర్డు మీది పేర్లు

టీచరమ్మ బయటికెళ్ళగానే సుద్దముక్క పట్టుకునే క్లాసు లీడరు మనందరికీ తెలిసిన మనిషే. పొదిలిలో మా అక్కయ్య కూతురికి ఈ ఏడు ఆ పదవి దక్కింది. "మాట్లాడినవాళ్ళ పేర్లు రాస్తావు సరే, నీ లెక్కలెప్పుడు చేసుకుంటావే?" అన్నాను.

"లీడరుకి లెక్కలేమిటి పిన్నీ!" అంది దర్జాగా.

పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మంచిదే. కానీ బెత్తం చేసే పని సుద్దముక్క చేస్తుంటే, ఎవరూ చూడనప్పుడు కుదురుగా కూర్చోవడం పిల్లలకెలా వస్తుందండీ? మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారి పల్లెబడుల్లో ఒక్క పంతులే అన్ని తరగతులనూ చూస్తాడు. అయినా పిల్లలు తమ కార్డు తామే తీసుకుని, నిచ్చెనలో ఎన్నో మెట్టు మీదున్నారో తామే చూసుకుంటారు. ఇంక పక్కవాడి మీద నిఘాకి తీరికేదీ!

మన ఇళ్ళలో మాత్రం? "తమ్ముడు చదువుతున్నాడో లేదో చూడవే" అంటూ పెద్దపిల్లని కాపలా పెడతాం. దాని పుస్తకం ఏ పేజీ దగ్గర ఆగిందో అడగం.