తాళపుచెవి ఇచ్చితిమి, సొత్తు ఇచ్చితిమా?

వర్తకునికి లెక్కల పుస్తకము ప్రాణముతో సమానము. మన పెద్దలు బహీఖాతాలను పెట్టెలో పెట్టి తాళపుచెవి మొలకు కట్టుకొనెడివారు. నేడు ఆ లెక్కలు కంప్యూటరులో నున్నవి. భోకరులోని పత్తి, సోయాబీన్ వర్తకుని ట్యాలీ లెక్కలు సరిచేయుటకు నాందేడు మునీము బస్సెక్కి రానక్కరలేదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి సాధనములతో తనచోటనే కూర్చుండి మన యంత్రమును నడపగలడు. ఇది గొప్ప సౌకర్యము.

అయితే ఇందొక ధర్మసందేహము కలదు. మనము అనుమతి ఇచ్చిన పిమ్మట అతడు చూచినదంతయు, తీసికొన్నదంతయు మనము ఇచ్చినట్లేనా?

శ్రావకుని మూడవ అణువ్రతము అస్తేయము. ఇవ్వనిదానిని తీసికొనుటయే అదత్తాదానము. ఇచ్చుట యనగా ఏ పనికి, ఎంతవరకు, ఎవరి ఎరుకలో అను మూడును కలిసిన మాట. సున్నము వేయువానికి తలుపు తీసినంతమాత్రమున బీరువాలోని నగలు ఇచ్చినట్లు కాదు గదా!

మోసగాండ్రు ఎనీడెస్క్‌ను ఫోనులో పెట్టించి, అందు కనబడు తొమ్మిదంకెల సంఖ్యను అడిగి తెలిసికొని, ఖాతాలోని సొమ్ము కాజేయుచున్నారని 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. సంఖ్య చెప్పినది మన నోరే. అయినను వంచనతో రాబట్టిన మాట దానము కాజాలదు.

కాపలాదారు బాధ్యతయు తక్కువది కాదు. 2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ సహకార అర్బన్ బ్యాంకులో 12 కోట్ల రూపాయలకు పైగా అపహరింపబడినవి. ఉద్యోగులకు వచ్చిన దొంగ ఈమెయిలును తెరచుటతో, దూరమునుండి యంత్రములను నడపగల రహస్య ప్రోగ్రాము లోనికి జొరబడినదని పోలీసులు తేల్చిరి. రక్షణలోపములకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించినది. మన శాస్త్రములలో ప్రమాదమనగా అజాగ్రత్త. అదియు దోషమే.

ఇక దొంగలను విడిచి మనవైపు చూచుకొందము. వేరూరి దుకాణపు గుమాస్తా తెరను యజమాని ఇంటినుండి చూడవచ్చును. ముందుగా చెప్పి చూచిన అది పర్యవేక్షణ. చెప్పక చూచి, అతడు భార్యకు వ్రాసిన ముక్కలు చదివిన ఏమనవలెను? జీతమునకు అతని పని మనకు వచ్చినది గాని అతని ఇంటి గుట్టు రాలేదు. అన్నదమ్ములు వేరుపడిన పిదప పాత అనుమతితో ఎదుటివాని ధరలు చూచుటయు ఇట్టిదే. సరుకు పోయిన గోదాము ఖాళీగా కనబడును. ఇతరులు చూచిన ఖాతా నిండుగనే యుండును. అందుచేతనే ఈ పాపము తేలికగా తోచును.

అనుమతిలేని ప్రవేశమును 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము తప్పుగా నెంచినది. దురుద్దేశముతో చేసినచో మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. కాని సాక్ష్యము దొరకనిచోట చట్టము ఆగిపోవును, వ్రతము ఆగదు.

కావున పని జరుగునంతసేపు చెంత కూర్చుండుడు. పని ముగియగానే సాధనమును మూసివేయుడు. మనము లేనప్పుడు ప్రవేశించు అనుమతిని రద్దుచేయుడు. బ్యాంకు పేరున ఎవరడిగినను సంఖ్య చెప్పకుడు. ఇతరుల తెర మన చేతికి వచ్చినప్పుడు, అప్పగించిన పనిని మాత్రమే చూచి వెనుకకు రండు. పరుల పెట్టె తాళము మన చేతనున్ననాడే మన వ్రతమునకు పరీక్ష.