సముద్రయానం, విద్యాయాత్ర, ఋషిఋణం

గోదావరి డెల్టాలోని ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రమో, రసాయనశాస్త్రమో, భూగర్భశాస్త్రమో చదువుతున్న విద్యార్థి కొద్ది వారాలపాటు పరదేశానికి వెళ్లి, అక్కడి ప్రయోగశాలలను, నదీముఖాలను, వ్యవసాయ క్షేత్రాలను చూసి, ఒక చిన్న ప్రాజెక్టు పూర్తిచేసుకొని తిరిగి రావడాన్ని విద్యాయాత్ర అంటున్నారు. దానిపై జరిగే చర్చ సాధారణంగా వీసా, ఖర్చు, భద్రత, ధ్రువపత్రం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. నిజానికి ఇందులో చాలా పాత ధర్మప్రశ్న ఒకటి ఇమిడి ఉంది. విద్య కోసం సముద్రం దాటినవాడు ఎవరికి ఋణపడతాడు, ఆ ఋణం ఏం చేస్తే తీరుతుంది అన్నదే ఆ ప్రశ్న. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం ప్రాంతాలలో దీనికి శాస్త్రచర్చలోనే కాక మనుషుల జీవితాలలోనూ సమాధానాలు వెతికిన చరిత్ర ఉంది.

ధర్మశాస్త్రాలన్నీ ఏకకంఠంతో సముద్రయానాన్ని నిషేధించాయన్న అభిప్రాయం సరైనది కాదు. బౌధాయన ధర్మసూత్రం దానిని పతనీయాలలో, అంటే మనిషిని తన వర్ణధర్మం నుంచి జారిపోయేలా చేసే కర్మలలో, మొదటిదిగా లెక్కించి మూడేళ్ల కఠిన వ్రతాన్ని ప్రాయశ్చిత్తంగా విధించింది. ప్రాయశ్చిత్తం ఉన్నదంటే దోషం పోయే మార్గమూ ఉన్నదనే అర్థం. మనుస్మృతి సముద్రయానం చేసినవాడిని శ్రాద్ధానికి పిలవకూడదని ఒకచోట చెబుతూనే, మరొకచోట సముద్రయానంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీని ప్రమాణంగా తీసుకొమ్మన్నది. నిషేధం నిజంగా బిగుసుకున్నది తరువాతి కాలపు కలివర్జ్యాలతో. పూర్వయుగాలలో చెల్లినా కలియుగంలో విడిచిపెట్టవలసినవని నిబంధకారులు, అంటే ధర్మశాస్త్ర వచనాలను సంకలించినవారు, లెక్కించిన ఆచారాలను కలివర్జ్యాలంటారు. ఓడలో సముద్రం దాటిన ద్విజుడు ప్రాయశ్చిత్తం చేసుకున్నా అతడిని తిరిగి కలుపుకోకూడదన్నది వాటిలో ఒకటి. ఈ నియమం బరువంతా వెళ్లినవాడిని తిరిగి స్వీకరించడం దగ్గర పడిందన్న సంగతి గమనించదగినది. సంధ్యాది నిత్యకర్మలు తప్పుతాయని, ఆహారశుద్ధి నిలవదని పండితులు చెప్పిన కారణాలు ఆనాటి ఓడ ప్రయాణానికి చెందినవి కనుక ఆ ప్రయాణంతోపాటే అవి వెనకబడ్డాయి; వెళ్లివచ్చినవాడు వెళ్లినప్పటి మనిషిగా తిరిగి రాడు, అతడికి ఊరితో సంబంధం మళ్లీ ఎలా కుదరాలి అన్న ఆందోళన మాత్రం మిగిలింది. 2008లో ఉడుపిలో, శ్రీకృష్ణ పూజాధికారం ఒక మఠం నుంచి మరొక మఠానికి మారే పర్యాయ సమయంలో, విదేశాలకు వెళ్లివచ్చిన పుత్తిగె మఠాధిపతి శ్రీకృష్ణ విగ్రహాన్ని తాకి పూజించవచ్చునా అని తక్కిన మఠాల నుంచి అభ్యంతరం వచ్చిందంటే, ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాలేదని తెలుస్తుంది.

డెల్టా ప్రజలలో అత్యధికులకు ఈ నిషేధం ఏనాడూ అడ్డు కాలేదు. కోరంగి రేవు నుంచి, ఆ తరువాత కాకినాడ నుంచి కూలీలు, కళాసీలు, వర్తకులు బంగాళాఖాతం దాటి రంగూన్ చేరారు. ఆ రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. కూలికోసం దాటిన సముద్రంలో దోషం వెతకని సమాజం చదువుకోసం దాటిన సముద్రంలో దోషం వెతికిందంటే, ఆ నియమం పాపభయం కంటే హోదాకే ఎక్కువ కాపలా కాసిందని చెప్పక తప్పదు. రంగూన్‌లో సంపన్నుడైన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు వదిలిపెట్టగా, కాకినాడలో ఆయన పేరిట ఏర్పడిన ధర్మసంస్థ భీమవరంలో పుట్టిన ఒక నియోగి యువకుడి విదేశీ విద్యకు అండగా నిలిచింది. ఒకరి సముద్రయానం మరొకరి విద్యకు మూలధనమైన ఈ సంగతికి డెల్టా సామాజిక చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఆ యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో జన్మించి, రాజమహేంద్రవరంలో కొంత చదివి, మద్రాసు చేరిన ఆయన తొలుత కోరుకున్నది సన్న్యాసం. రామకృష్ణ మఠం వైపు ఆకర్షితుడైన ఆయన తల్లి అనుమతి లేనందున వైద్యవిద్యలో చేరాడు. 1920ల తొలినాళ్లలో, మామగారి సాయం కూడా తోడై, బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల విద్యను అభ్యసించాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించడం, కండరాలకు శక్తినందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాలను గుర్తించడం, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారాక ఫోలిక్ ఆమ్లం, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటిబయాటిక్ ఆరియోమైసిన్ వంటి వాటిపై జరిగిన కృషికి నాయకత్వం వహించడం ఆయన జీవితకార్యం. ఆయన తిరిగి రాలేదు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశాడు.

ఆయన ఋణం తీరిందా అన్న ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు చెప్పవలసి ఉంటుంది. తైత్తిరీయ సంహిత ప్రకారం బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడు: బ్రహ్మచర్యంతో, అంటే నియమంతో కూడిన అధ్యయనంతో, తీర్చవలసిన ఋషిఋణం, యజ్ఞంతో తీర్చవలసిన దేవఋణం, సంతానంతో తీర్చవలసిన పితృఋణం. ఈ భావాన్ని వర్ణపు హద్దు దాటించి చదివితే, విద్య పొందిన ప్రతి మనిషి ఆ విద్యను ముందుతరం నుంచి అప్పుగా తెచ్చుకున్నవాడే అవుతాడు. గోదావరి జిల్లాలు బోదకాలు వ్యాధికి, అంటే దోమల ద్వారా వ్యాపించే ఫైలేరియా పురుగు వల్ల కాలు ఏనుగుకాలులా వాచిపోయే జబ్బుకు, చిరకాలంగా నెలవులు. ఆ పురుగును అణచే డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలో రూపొందింది; జాతీయ కార్యక్రమంలో భాగంగా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర అదే. ఆ మాత్రను మింగినవారిలో ఎంతమందికి దాని వెనక భీమవరం మనిషి ఉన్నాడని తెలుసో గానీ, ఋషిఋణం విషయంలో ఆయనను తప్పుపట్టగలవారు లేరు. కాని ఇంటి దగ్గర ఆయన రాక కోసం ఎదురుచూసిన భార్య జీవితం ఈ లెక్కలో చేరదు. లోకానికి చేసిన మేలు ఇంటివారికి పడిన బాకీని కొట్టివేయదని ఒప్పుకోవడమే ఆయన పట్ల నిజమైన గౌరవం.

దీర్ఘకాల ప్రవాసానికీ విద్యాయాత్రకూ తేడా ఇక్కడే ఉంది. విద్యాయాత్రలో తిరుగు ప్రయాణం మొదటినుంచీ భాగం. అందుచేత దానిని వలసలాగా కాక తీర్థయాత్రలాగా తూచి చూడడం న్యాయం. అయితే ముందుగా, పుస్తకంలో దొరికే జ్ఞానానికి ఇంత దూరం ఎందుకు వెళ్లాలన్న సందేహం తీరాలి. న్యాయదర్శనం అంగీకరించిన నాలుగు ప్రమాణాలను, అంటే యథార్థజ్ఞానానికి సాధనాలను, ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో వివరించాడు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. వీటిలో ఉపమానానికి ఇచ్చే ఉదాహరణలోనే ఒక ప్రయాణం ఉంది. గవయమంటే ఏమిటో తెలియని ఒకడు అడవి సంగతి తెలిసినవాడి వల్ల అది ఆవును పోలి ఉంటుందని వింటాడు; ఆపైన తానే అడవికి వెళ్లి, ఆవును పోలిన జంతువును చూసి, విన్న మాటను జ్ఞాపకం చేసుకొని, గవయమంటే ఇదేనని గ్రహిస్తాడు. ఇంట్లో ఆవును ఎరగనివాడు, బయలుదేరేముందు ఆ మాట విననివాడు అడవంతా తిరిగినా అతడికి ఆ జ్ఞానం కలగదు. చూడడం ఎంత అవసరమో, చూడడానికి ముందు తన ఊరిదాన్ని బాగా ఎరిగి ఉండడం అంతే అవసరం. విద్యాయాత్రకు తత్త్వశాస్త్రం ఇవ్వగల మొదటి సలహా ఇదే.

డెల్టా సస్యశ్యామలమైనది ఇటువంటి ఉపమానజ్ఞానం వల్లనే. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్టను కట్టించిన ఆర్థర్ కాటన్ అంతకుముందు తంజావూరు ప్రాంతంలో, కరికాల చోళుడి కాలానిదని చెప్పే కావేరి మీది కల్లణై ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించాడు. లోతు తెలియని ఇసుక మీద పునాదిని ఎలా నిలపాలో ఆ దేశపు పూర్వనిర్మాతల నుంచే నేర్చుకున్నామని ఆయన బాహాటంగా ఒప్పుకున్నాడు. కావేరిలో చూసినది గోదావరిలో ఫలించింది. ఊరూరా కాటన్ విగ్రహం పెట్టుకున్న రైతులు ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా తమ పిల్లలకు చెప్పడం మంచిది.

ఈనాటి డెల్టా విద్యార్థికి పరదేశంలో చూడవలసిన గవయం ఏమిటో వెతుక్కోనక్కరలేదు. ఎగువ జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడంతో డెల్టా అంచులకు చేరే మట్టి తగ్గింది. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లను, రోడ్లను కోసుకుపోతోంది. చేపల, రొయ్యల చెరువుల చుట్టూ నేల ఉప్పుబారుతోంది. 1996 నవంబరు తుపాను కోనసీమలో తెచ్చిన ప్రాణనష్టం, కూల్చిన కొబ్బరి తోటలు ఇంకా జ్ఞాపకాలలోనే ఉన్నాయి. వీటితో పోల్చి చూడగల చోటు మరొక డెల్టా. నెదర్లాండ్స్‌లో రైన్, మ్యూజ్, షెల్డ్ నదుల ముఖాలలో 1953 ఫిబ్రవరిలో ఉప్పెన వచ్చి 1,800 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ఆ దేశం నదీముఖాలను కట్టలతో మూసివేసే పథకం చేపట్టింది. తూర్పు షెల్డ్ ముఖాన్ని పూర్తిగా మూసివేయాలని మొదట అనుకున్నారు. ఉప్పునీటి జీవజాతులు, వాటిపై బతికే మత్స్యకారుల వృత్తి నశిస్తాయని వ్యతిరేకత రావడంతో నిర్ణయం మార్చి, మామూలు రోజులలో తెరిచి ఉంచి తుపాను వేళ మాత్రమే దించే తలుపుల అడ్డుకట్టను కట్టి 1986లో పూర్తిచేశారు. కోరంగి మడ అడవులను, వాటి కాలువలలో వేటకు వెళ్లే మత్స్యకారులను ఎరిగిన విద్యార్థి ఆ తలుపుల ముందు నిలబడితే అడగగల ప్రశ్నలు వేరు. రక్షణ పేరుతో ఎవరి బతుకును మూసివేయవచ్చు, ఎవరిని అడిగి మూసివేయాలి అన్న ధర్మప్రశ్న అతడికి అక్కడ యంత్రాల రూపంలో కనిపిస్తుంది. కోరంగిని చూడకుండా వెళ్లినవాడికి అదొక పెద్ద కట్టడం మాత్రమే.

తీర్థయాత్ర విషయంలో మహాభారతం ఒక కఠినమైన షరతు పెట్టింది: చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం దక్కుతుంది. ధర్మనిబంధాలు ఇంకా ముందుకు వెళ్లి, వేరే పనిమీద వెళ్తూ దారిలో తీర్థాన్ని దర్శించినవాడికి సగం ఫలమే దక్కుతుందన్నాయి. షాపింగ్‌కూ ఫొటోలకూ మధ్య ఒక పూట ప్రయోగశాలను చూపించే యాత్రలకు ఈ సగం కూడా దక్కుతుందా అన్నది అనుమానమే. యాత్ర తరువాతి విధిని డెల్టా కుటుంబాలు ఆచారంలోనే నిలుపుకున్నాయి. కాశీ వెళ్లివచ్చినవారు కాశీ సమారాధన చేసి, బంధువులకు, ఊరివారికి భోజనం పెట్టి, తెచ్చిన గంగను పంచుతారు. అది చేసేదాకా యాత్ర పూర్తయినట్లు భావించరు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో కాశీయాత్ర చేస్తూ తాను చూసిన ఊళ్లను, దారులను, పంటలను, ధరలను, ఆచారాలను లేఖలలో రాసి పంపడం వల్లనే ఆ యాత్ర తెలుగువారందరికీ చెందింది. వెళ్లినవాడిని తిరిగి స్వీకరించడానికి కలివర్జ్యం నిరాకరించగా, సమారాధన ఆ స్వీకారానికి ఒక పద్ధతిని ఏర్పరచింది. ఈ రెండింటిలో డెల్టా కళాశాలలు అనుసరించవలసినది రెండవదానినే.

పరధనంతో వెళ్లేవారికి ఈ విధి మరింత బలంగా వర్తిస్తుంది. జపాన్ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ వంటి కార్యక్రమాలు ఆ దేశ ప్రజల సొమ్ముతో విదేశీ విద్యార్థులను కొద్దికాలం పిలిచి చూపిస్తున్నాయి. దాతల సొమ్ముతో, ప్రభుత్వ సొమ్ముతో వెళ్లేవారూ ఉన్నారు. తల్లిదండ్రుల ఖర్చుతోనే సాగే యాత్రలో కౌలురైతు కూతురికి, చేపల చెరువు కూలీ కొడుక్కి చోటుండదు; ఉప్పునేల, సముద్రపు కోత గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారు వారే కనుక వారిని వదిలి వెళ్లిన యాత్ర జ్ఞానం దృష్ట్యా కూడా లోపభూయిష్టం. సత్యలింగ నాయకర్ వంటి దాతల మార్గం ఈనాటి డెల్టా సంపన్నులకు తెరిచే ఉంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం కళాశాలలు విద్యార్థులను పరదేశానికి పంపదలచినప్పుడు, బయలుదేరే తేదీతోపాటే వారు తిరిగి వచ్చి తాము చూసినదాన్ని తెలుగులో వివరించవలసిన గ్రామసభ తేదీని, ఆ ఊరి పేరును కూడా ముందే నిర్ణయించి ప్రకటించాలి.