రాలిన ఆకుల క్రింద

మూలవాక్యము: 1 రాజులు 8:37, 38



సొలొమోను రాజు యెరూషలేములో మందిరమును ప్రతిష్ఠించిన దినమున చేసిన ప్రార్థన దీర్ఘమైనది. అందులో కరవు ఉన్నది, మిడతలు ఉన్నవి, శత్రువులు ఉన్నారు. అంతటి వైభవముగల దినమున పైరును పట్టు తెగులును కూడ ఆయన మరువలేదు. రైతు చేనిలోని తెగులు దేవుని సన్నిధిని చెప్పుకొనదగిన సంగతియే అని ఎంచెను. అయితే ఆ వెంటనే, ప్రతివాడును తన హృదయములోని వ్యాధిని తానే ఎరుగుటనుగూర్చి మాటలాడెను. చేని తెగులు ప్రక్కనే గుండె తెగులు! ఈ రెంటిని ఒక్కచోట ఎందుకు పెట్టెనో నాకు చాలకాలము బోధపడలేదు. మా మందిరము ముందరి గులాబీ మొక్కలు దానిని నాకు నేర్పినవి.

అవి పన్నెండు మొక్కలు. క్రిస్మసునాటికి బల్లమీద పూలుండవలెనని స్త్రీల సమాజమువారు నాటిరి. సాయంకాల ప్రార్థనకు వచ్చు పిల్లలు చెంబులతో ఆకులమీదుగా నీళ్లు పోయుచుండిరి. చూచుటకు ముచ్చటగానుండెను గనుక నేను వారింపలేదు. నిరుడు ఆగస్టు ముసురులో క్రింది ఆకులమీద నల్లని మచ్చలు కనబడెను. కాగితముమీద సిరా చుక్క ప్రాకినట్లు ఆ మచ్చ అంచు చీలికలు చీలికలుగా నుండును. చుట్టును ఆకు పసుపుపచ్చనై, కొద్దిదినములకు రాలిపోవును. దీనిని నల్లమచ్చ తెగులందురు. బూజు జాతికి చెందిన ఒక శిలీంధ్రము దీనికి కారణము. దాని బీజములు ముఖ్యముగా నీటి తుంపరలవెంట ఆకునుండి ఆకునకు చేరును. ఆకు సుమారు 7 గంటలు తడిగానున్న చాలును, అది లోపల ప్రవేశించును. సాయంకాలము పోసిన నీళ్లు తెల్లవారువరకు ఆరవు గదా! పిల్లలు ప్రేమతో పోసిన నీళ్లే తెగులునకు బాట వేసెను.

నేను పట్టణమునుండి మందు తెచ్చి పిచికారీ చేసితిని. రాలిన ఆకులను మాత్రము మొక్కల మొదళ్లలోనికి ఊడ్చి, పైన మన్ను చల్లితిని. ఎరువగునని అట్లు చేసితిననుట సగము నిజము. ఆ వారము పెద్దలు సంఘమును చూడవచ్చుచుండిరి. ఆవరణ శుభ్రముగా కనబడవలెననునది మిగిలిన సగము. రెండు వారములు తిరుగకముందే క్రొత్త ఆకులకును మచ్చలు వచ్చెను. అక్టోబరు నాటికి కొమ్మలు మోడులాయెను. మా సంఘములో కూలిపనికి పోవు ఒక ముసలమ్మ మొక్క మొదట కెలికి చూచి, "అయ్యగారూ, మందు పైన కొట్టారు, తెగులును కింద దాచారు" అనెను.

ఆ మాట నన్ను రాత్రి నిద్రపోనియ్యలేదు. డేరా క్రింద దాచిన ఆకాను జ్ఞాపకము వచ్చెను. అంతకంటె ఎక్కువగా మా సంఘములోని ఇద్దరు అన్నదమ్ములు జ్ఞాపకము వచ్చిరి. వారి చేలకు ఒక్కటే బోదె. నీటి వంతునుగూర్చి వారికి రెండేండ్లుగా మాటలు లేవు. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున నేను ఆ యిద్దరిని నిలువబెట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి పంపితిని. వంతుమాట ఎత్తలేదు. ఎత్తినయెడల ఆరాధన ఆలస్యమగునని భయపడితిని. సంఘమంతయు సంతోషించెను. మరుసటి నాట్లలో పారలు లేచెను.

మొదట మొక్కల సంగతి చెప్పెదను. లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు తెగులు పుట్టినప్పుడు యాజకుడు ఏడు దినములు ఆగి, మరల వచ్చి చూచి, చెడిన రాళ్లను ఊడదీయించి, ఊరివెలుపల పారవేయించును. సున్నము పూసి కప్పుట తరువాతి పని. మేమును అట్లే చేసితిమి. మన్ను తొలగించి, ప్రతి ఆకును ఏరి, తోటకు దూరముగా కాల్చితిమి. లోతుగా పాతిపెట్టినను సరియే. మచ్చలున్న కొమ్మలను, ఎండిన కొనలను పచ్చని భాగమువరకు కోసితిమి. కత్తెరను ఒక మొక్కకు వాడిన తరువాత స్పిరిటుతో తుడువవలెను. లేనియెడల తెగులును మనమే మోసికొనిపోవుదుము. కోసిన కొనలకు బోర్డో ముద్ద పూసితిమి: 100 గ్రాముల మైలుతుత్తము, 100 గ్రాముల సున్నము, ఒక లీటరు నీరు. దీనిని ఇనుప పాత్రలో కలుపరాదు. ఫ్రాన్సు దేశములో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలో 1885 ప్రాంతమున వెలుగులోనికి వచ్చిన మందు ఇది.

ఇప్పుడు పిల్లలు ఉదయముననే, మొదటిలోనే నీళ్లు పోయుచున్నారు. గాలి ఆడుటకు దట్టమైన నడిమి కొమ్మలు తీసివేసితిమి. చలికాలములో లేత ఆకులమీద తెల్లని పిండివలె వచ్చు బూడిద తెగులు వేరు. దానికి ఆకు తడి అక్కరలేదు. నీటిలో కలియు గంధకపు పొడి లీటరుకు 2 గ్రాములు చాలును, మండుటెండలో మాత్రము కొట్టరాదు. పన్నెండింటిలో మూడు మొక్కలు బ్రదుకలేదు. క్రిస్మసు బల్లమీద నిరుడు బంతిపూలే పెట్టితిమి.

తరువాత నేను ఆ అన్నదమ్ముల యొద్దకు పోయితిని. ముందు నా తప్పు ఒప్పుకొంటిని. వారి గాయమును పైపైన కప్పినవాడను నేనే గదా. సంఘపెద్దలిద్దరితో కలిసి బోదె గట్టుమీద కూర్చుంటిమి. మధ్యాహ్నమువరకు మాటలు కఠినముగానుండెను. తండ్రి చనిపోయిన నాటి లెక్కలుకూడ పైకి వచ్చెను. నీటి వంతు ఆకు మాత్రమే, మచ్చ అక్కడనున్నది. ఆ లెక్కలో తాను దాచిన మాట ఒకటి ఉన్నదని పెద్దవాడు తుదకు ఒప్పుకొని తలవంచుకొనెను. నీటి వంతు దినములు కాగితముమీద వ్రాసికొంటిమి.

పెద్దవాడు బుధవారములలో వచ్చి గులాబీల క్రింద రాలిన ఆకులు ఏరుచున్నాడు. ఎవరును చెప్పలేదు. చిన్నవాడు ఆరాధనకు వచ్చుచున్నాడుగాని, ప్రభువు బల్లయొద్దకు ఇంకను రాలేదు. నేను తొందరపెట్టలేదు. ఈ శుక్రవారము సాయంకాలము మరల వారి యింటికి పోవుచున్నాను. మీ ప్రార్థనలలో ఆ యింటిని జ్ఞాపకము చేసికొనుడి.