సంకల్పంలో ఏ ఊరు?

పర్చూరులో ఏ వ్రతం చేసినా, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో సంకల్పంలో చెప్పాకే పూజ. కాలిఫోర్నియాలో మా అమ్మాయి గృహప్రవేశానికి పురోహితుడు క్రౌంచ ద్వీపం అన్నారు. వాళ్లుండే మౌంటెన్ హౌస్ 2024 జూలై 1న నగరమైంది. తెల్లారకముందే కార్లు ఆల్టమాంట్ కనుమ దాటి బే ఏరియా ఆఫీసులకు పోతాయి. పగలు వీధుల్లో మాలాంటి అమ్మమ్మలూ తాతలే. గుడికి మేమూ కనుమ దాటి లివర్‌మోర్ వెళ్లాం. అక్కడ శివుడూ విష్ణువూ ఒకే గుడిలో కొలువున్నారు.

పని ఒకచోట, పడక ఒకచోట, గుడి మరోచోట. మరి సంకల్పంలో చెప్పాల్సింది ఏ ఊరు?

"పడుకునే ఊరే కదా అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

నాకు చాలలేదు. మిరపకాయలు ఎండబోసిన కళ్లంలోకి మా గుడి గంట వినబడేది. పంటకీ దేవుడికీ ఒకటే ఊరు. అంతటా ఉన్నవాడికి చిరునామా అక్కర్లేదు, మనకే కావాలి. ఈ నేల మంచిచెడ్డలు నావి అని ఒప్పుకోవడమే సంకల్పమని నా నమ్మకం. మౌంటెన్ హౌస్ వాళ్లు 2024 మార్చిలో ఓటేసి ఊరిని నగరం చేసుకున్నారే, అదీ సంకల్పమే. మా అమ్మాయికి ఇంకా అక్కడ ఓటు లేదు. అయినా వినాయక చవితికి ఆ ఊరి పేరే చెప్పమన్నాను, పర్చూరు పేరు కాదు.