మరల రాని అతిథి

చెన్నపట్టణము నుండి తిరుపతికి పోవు రహదారిలో తిరువళ్లూరు దాటి, తిరుత్తణి చేరక మునుపే కనకమ్మ సత్రము అను ఊరు వచ్చును. ఆ ఊరికి పేరు తెచ్చినది కోటయు గాదు, యుద్ధమును గాదు. ఒక స్త్రీ పేరును, ఒక సత్రమును కలిసి ఊరి పేరైనవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి విడివడి నాటి మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను బాట మారలేదు. నేటికిని ఆ బాటపై తెలుగును, తమిళమును ఒకే బల్లపై కూర్చుండి కాఫీ త్రాగుచున్నవి.

సత్రములు కట్టినవారు వానిని ఎవరి కొఱకు కట్టిరి? ఊరివారికి ఇండ్లు కలవు. చుట్టములకు చుట్టముల ఇండ్లు కలవు. ఎచ్చట నుండియో వచ్చి, ఒక రాత్రి తలదాచుకొని, తెల్లవారకముందే మూట నెత్తిన బెట్టుకొని వెడలిపోవు బాటసారి కొఱకు కట్టిరి. అతడు మరల వచ్చునో రాడో ఎవరికిని తెలియదు. నేడు బాట ప్రక్కన ఫలాహారశాలలు, టీ కొట్లు, పండ్ల అంగళ్లు, చక్రములకు గాలి కొట్టు కొట్లు వెలసినవి. వీరందరికిని అతడే అతిథి. కాలినడక పోయి కారు వచ్చినది. అతిథి మాత్రము ఒకసారి వచ్చి పోవువాడుగనే నిలిచినాడు.

ఇట్టి బాట ప్రక్కన చిన్న అంగడి పెట్టినవాడు చేతనున్న కొద్దిపాటి ధనముతో తన అంగడిని లోకమునకు ఎట్లు ప్రకటించుకొనవలెను? ఇది వర్తకుల లెక్క గదా, సాంస్కృతిక వ్యాసముల నడుమ దీనికేమి పని యని పాఠకులు అడుగవచ్చును. కలవాడు నాలుగు చోట్ల ఖర్చు పెట్టి, ఏదియో ఒకటి ఫలించినదని సంతోషించును. లేనివాడు ఒక్కచోటనే పెట్టగలడు. ఆ ఒక్కచోటు ఏదియని నిర్ణయించునప్పుడు అతని తెలివియే గాక అతని ధర్మము గూడ బయటపడును. అందుచేతనే ఈ విచారమునకు పూనుకొంటిమి.

ప్రకటన యనగా తన్ను తాను పొగడుకొనుటయే గదా యని మన పెద్దలలో కొందఱు ముఖము చిట్లింతురు. ఆ జంకు వెనుక గొప్ప సంప్రదాయము కలదు. భారతమున కర్ణపర్వమునందు, అన్నగారిని నిందించితినను పశ్చాత్తాపముతో ప్రాణము తీసికొనబోయిన అర్జునునితో శ్రీకృష్ణుడు, నీ గుణములను నీవే పొగడుకొనుము, అది ఆత్మహత్యతో సమానమే యని చెప్పును. అట్లయినచో అంగడిపై బోర్డు కట్టువాడు దినదినమును చచ్చుచున్నట్లే! మేమట్లు తలంపము. చీకటిలో వాకిట దీపము పెట్టిన గృహిణి తన్ను పొగడుకొనుట లేదు. ఇచ్చట ఇల్లున్నదని తెలుపుచున్నది. ఆకలిగొన్నవానికి అన్నము దొరకు చోటు తెలియకపోవుట అతనికిని నష్టమే, అంగడివానికిని నష్టమే. తెలుపుట వేఱు, పొగడుకొనుట వేఱు. ఉదయము 6 గంటల నుండి ఇడ్లీ దొరకుననుట తెలుపుట. ఇట్టి ఇడ్లీ ముల్లోకములలో లేదనుట పొగడుకొనుట. మొదటిదానిని గడియారము చూచి సరిచూడవచ్చును. రెండవదానిని సరిచూచుటకు ముల్లోకములు తిరుగవలెను.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. ఆ రహదారి ప్రక్కన అక్కాతమ్ములిద్దఱు చిన్న ఫలాహారశాల పెట్టినారనుకొందము. సంవత్సరమునకు ప్రకటన కొఱకు 10,000 రూపాయలకు మించి వెచ్చింపలేరు. తమ్ముడు పెద్ద బోర్డు కావలెననును.

“అక్కా, బండ్లు ఎంత వేగంగా పోతున్నవో చూడు. అద్దాలు మూసిన కారులోకి మన సాంబారు వాసన పోతుందా? బోర్డు కనబడితేనే గదా వాడు ఆగేది!”

“ఆగిన తరువాత వాని పళ్లెములో ఏమి పెడతావురా?” అని అక్క అడుగును.

ఇద్దఱి మాటయు నిజమే. లెక్క వేయుదము. పళ్లెమునకు 10 రూపాయలు మిగులునని అనుకొన్నచో, ఆ 10,000 రూపాయలు తిరిగి వచ్చుటకు ప్రకటన వలన 1,000 పళ్లెములు అధికముగా చెల్లవలెను. అనగా దినమునకు దాదాపు 3 పళ్లెములు. చెల్లినచో మేలే. చెల్లనిచో ఆ డబ్బు ఎచ్చట నుండి వచ్చును? పప్పు తగ్గి సాంబారు పలుచనగును. కాగిన నూనెయే మరల కాగును. గిన్నెలు తోము మనిషి కూలి ఒక వారము ఆగును. బోర్డు వెల బోర్డుపై వ్రాసియుండదు, పళ్లెములో తేలును. కావున ప్రకటన కొఱకు డబ్బు తీయునప్పుడు, ఇది ఎందఱి కంటబడునను ప్రశ్నకు ముందు, ఇది ఎవరి పళ్లెము నుండి వచ్చుచున్నదను ప్రశ్న వేసికొనవలెను.

ఊరి నడుమనున్న అంగడివానికి ఒక కాపలా కలదు. నేడు మోసపోయినవాడు రేపు రాడు. ఎల్లుండి పదిమందితో చెప్పును. ఆ భయము వలన సగము ధర్మము దానంతట అదే నిలుచును. బాట ప్రక్కని వానికి ఆ కాపలా లేదు. అతిథి ఎట్లును మరల రాడు. రేపు వచ్చువాడు మఱియొకడు. అందుచేత వంట తగ్గించి బోర్డు పెంచినవాడే అచ్చట లాభపడునట్లు తోచును. కొన్ని రహదారులపై బస్సు నడుపువారికి ఉచితముగా భోజనము పెట్టి బస్సును తమ వాకిట ఆపించుకొను పద్ధతియు కలదు. అదియు ఒక ప్రకటనయే. కాని దాని వెల చెల్లించువాడు బస్సులోని ప్రయాణికుడు. చోటు ఎంచుకొన్నవాడు అతడు గాడు. తప్పుదోవ పట్టించు ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున అవకాశము కలదు. మంచిదే. ఐనను పలుచని సాంబారు కొఱకు ఎవడు ఫిర్యాదు వ్రాయును? చట్టము చేయి చాచులోపల అతిథి తిరుపతి కొండ యెక్కియుండును. చట్టమును, నష్టభయమును రెండును చేరని ఈ చోట వర్తకుని పట్టి నిలుపునది ఏది?

ఈ చిక్కునకు తెలుగువారిలోనే ఒకరు చక్కని దారి చూపిరి. కృష్ణా జిల్లా ఎలకుర్రున 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారము ప్రారంభించిరి. క్రొత్త తలనొప్పి మందును ఎవరు నమ్ముదురు? ఎంత పొగడినను మాట మాటగనే యుండును. వారు సంగీత సభలలో ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. సభలో చాలసేపు కూర్చుండి తల బరువెక్కిన శ్రోత దానిని నుదుట వ్రాసికొనును. గుణము కనబడినచో కొనును, కనబడనిచో ఊరకుండును. ఆ వ్యాపారము తెచ్చిన ధనము 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914 నుండి చెన్నపట్టణమున దినపత్రికయైన ఆంధ్రపత్రికకు అండయైనదని మనమందఱము ఎఱుగుదుము. మందు పంచిపెట్టిన ఆ పద్ధతిలోని న్యాయము మాత్రము తఱచు మన దృష్టికి రాదు. అచ్చట పరీక్ష ముందు, చెల్లింపు తరువాత. అందుచేత మరల రాని అతిథి గూడ మోసపోవుటకు వీలులేదు.

ఫలాహారశాలవారు అందఱికిని ఉచితముగా ఇడ్లీలు పంచలేరు. వారి 10,000 రూపాయలు వారములోనే కరగిపోవును. ఐనను ఆ న్యాయమును తమ స్థితికి తగినట్లు మార్చుకొనవచ్చును. ధరల పట్టిక లోపల గోడపై గాక వాకిటనే వ్రేలాడవలెను. కూర్చుండిన తరువాత ధర తెలిసినచో లేచిపోవుటకు మొగమాటము అడ్డు వచ్చును. వంటగది కంటికి కనబడవలెను. త్రాగునీటి కుండ అడుగకయే అందవలెను. మరుగుదొడ్డి శుభ్రముగా ఉండవలెను. పిల్లలతో దూరప్రయాణము చేయు స్త్రీలకు ఇంతకు మించిన ప్రకటన లేదని మా నమ్మకము. ఇవి యన్నియు చెల్లింపునకు ముందే అతిథి చూడగలిగినవి.

బోర్డు వలదని మేము చెప్పుట లేదు. తమ్ముని మాట త్రోసివేయరానిది. ఉండవలసినంత బోర్డు ఉండవలెను. తమిళనాటి నియమము ప్రకారము తమిళము ముందును, దాని వెనుక తెలుగును. చేతి ఫోనులోని పటమున అంగడి పేరును, తెఱచు వేళయు నమోదు చేసికొనుటకు రుసుము లేదు. వేళ నిజమైనదిగా ఉన్న చాలును. బాటసారుల మాటయే నేడు ఆ పటమున నక్షత్రముల రూపమున వెలయుచున్నది. ఇది క్రొత్త వింత గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, దారి పొడుగునను ఏ సత్రమున వసతి యున్నదో, ఏ ఊర ఏ సామాను దొరకునో వ్రాసియుంచిరి. అది 1838లో అచ్చయి వెనుక వచ్చువారికి దారి చూపినది. మరల రాని అతిథి మౌనముగా పోయినాడని తలంచుట పొరపాటు. అతడు వ్రాసి పోవును. ఆ వ్రాతను గూడ డబ్బిచ్చి కొనువారు బయలుదేరుట చేతనే 2022లో భారతీయ ప్రమాణముల సంస్థ ఇట్టి అభిప్రాయములకు ఒక ప్రమాణమును ప్రకటింపవలసి వచ్చినది. కొన్న మెప్పు బాటసారికి తప్పుదారి చూపును. దారి చూపువాడని నమ్మించి తప్పుదారి పట్టించుట పాపములలో చిన్నది గాదు.

ప్రకటన వెల చెల్లించువాడు ఒక్కొక్కప్పుడు అతిథియు గాడు, వర్తకుడును గాడు. దారిని పోవు అన్యుడు. 2019 సెప్టెంబరులో చెన్నపట్టణమున అనుమతి లేకుండ కట్టిన పెండ్లి బ్యానరు బండిపై పోవుచున్న యువతిపై పడుట వలన ఆమె ప్రాణము పోయినది. అది వర్తకుని బ్యానరు గాదు. ఐనను పదిమంది నడచు చోటును తన పేరు కొఱకు ఆక్రమించుకొను చౌక పద్ధతులు ఎవరికి చౌకయో ఆ దినమున తెలిసినది.

ఇచ్చట సూక్ష్మమైన ప్రశ్న యొకటి మిగిలినది. అంగడి పేరు నిలుచుటకై వాకిట నీళ్లకుండ పెట్టినచో అది దానమా, వ్యాపారమా? లాభము కోరి చేసినది దానము గాదని శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. మేమును అట్లే తలంతుము. దానిని ప్రకటన ఖర్చు క్రిందనే లెక్క వ్రాయవలెను. పుణ్యము క్రింద వ్రాయరాదు. కాని ఆ నీరు త్రాగినవాని దాహము రెండు విధములను ఒకే తీరున తీరును. పుణ్యమని చెప్పుకొనని వ్యాపారము, వ్యాపారమైనను దాహము తీర్చు కుండ — ఈ రెండును కలిసిన చోట దోషమేమున్నది? సత్రము కట్టినవారి పేర్లును ఊళ్ల పేర్లయి నిలిచినవి గదా!

మా సంగతి చెప్పకున్నచో ఈ వ్యాసము అసత్యమగును. ఇట్టి సంచికలు వెలువడునప్పుడు “శుభాకాంక్షలతో” అను పుట కొఱకు చిన్న అంగళ్లవారి వాకిట నిలుచువారము మేమే. వారు మొగమాటము చేత కాదనలేరు. ఆ పుట చూచి ఒక్క పళ్లెమైనను అధికముగా చెల్లునని వారికిని తోచదు, మాకును తోచదు. అది చందాయే. చందాను చందాయని అడుగుటయే మర్యాద. ప్రకటన యని పేరు పెట్టి, వారి ఆ 10,000 రూపాయలలో పాలు తీసికొనుట మర్యాద గాదు. పొరుగువానికి ధర్మము బోధించు చోటనే మా లోపమును గుర్తించితిమి.

ఇంతకును ఆ అక్కాతమ్ములు ఏమి చేయవలెను? చిన్న బోర్డునకు కొంత, వాకిటి ధరల పట్టికకు కొంత, నీళ్లకును మరుగుదొడ్డికిని తక్కినది. వచ్చిన ప్రతి అతిథిని “మీకు మా సంగతి ఎట్లు తెలిసినది?” అని అడిగి, ఒక చిన్న పుస్తకమున గీత గీయవలెను. సంవత్సరాంతమున ఆ గీతలు లెక్కించినచో ఏ రూపాయి పని చేసినదో, ఏది వ్యర్థమైనదో తెలియును. కాని ఒక్క లెక్క ఆ పుస్తకమునకు అందదు. మరల రాడని తెలిసియు, కడుపార పెట్టి పంపిన వారెందఱు అనునది ఆ లెక్క. దానిని ఆ అక్క ప్రతి రాత్రియు గిన్నెలు బోర్లించు వేళ తనలో తాను వేసికొనవలసినదే. ఒకనాడు ఆ బాటపై సత్రములు నడపినవారును ఆ లెక్కనే వేసికొని యుందురని మా విశ్వాసము.